నామినీ గడిలో ఎవరి పేరుంది?

జిల్లాల నుంచి వచ్చి నల్లకుంట, విద్యానగర్ గదుల్లో ఉంటూ అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే మన పిల్లలు ఒకసారి పాసుబుక్కు చూసుకోవాలి. మే నెలాఖరున 436 రూపాయలు కట్ అయి ఉంటే, చాలావరకు అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. 18 నుంచి 50 ఏళ్లలోపు చేరినవారు చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. చేరిన మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాద మరణానికే వర్తిస్తుంది.

తెలంగాణలో 2018లో మొదలైన రైతుబీమా 5 లక్షలది. కానీ అది పట్టా ఉన్న రైతుకే. కౌలుదారుకు లేదు, కూలికి లేదు. భూమిలేని దళిత కుటుంబానికి మిగిలేవి ఇలాంటి చిన్న పాలసీలు, పీఎఫ్ ఉన్న కాంట్రాక్టు కార్మికులకు ఈడీఎల్ఐ బీమా. ఈడీఎల్ఐకి కార్మికుడు పైసా కట్టనక్కర్లేదు, గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. ఇవన్నీ నామినీ గడిలో రాసిన పేరు మీదే నడుస్తాయి.

నామినీ అంటే వారసుడేనా?

కాదని సుప్రీంకోర్టు 1983లో శర్బతీదేవి కేసులో చెప్పింది. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. ఆ డబ్బు వారసత్వ చట్టం ప్రకారం పంచాల్సిందే. 2015లో బీమా చట్టం 39వ సెక్షన్‌ను సవరించారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు మీద వారికే లబ్ధి హక్కు ఉంటుందని అందులో రాశారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చకుండానే చనిపోయిన వ్యక్తి కేసు కర్ణాటక హైకోర్టు ధార్వాడ్ బెంచ్‌కు వెళ్లింది. వారసులు హక్కు అడిగితే నామినీ హక్కు దానికి లోబడాలని 2025లో కోర్టు తేల్చింది. తల్లికి, భార్యకు, బిడ్డకు తలా మూడో వంతు ఇచ్చింది. కానీ ఆ వాటా కోసం భార్య కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

కులాంతర వివాహం చేసుకున్నవారికి ఇది మరీ ముఖ్యం. అత్తింటివారు కోడలిగానే ఒప్పుకోని ఇంట్లో నామినీగా మామ పేరే మిగిలిపోతే, ఆమె పోరాటం మొదటి నుంచీ మొదలవుతుంది. పెళ్లి రిజిస్టర్ కాకపోతే భార్యనని రుజువు చేసుకోవడమే మొదటి గండం.

డబ్బు ఎలా ఇస్తారు?

జీవన్ జ్యోతి డబ్బు ఒకేసారి వస్తుంది. ఎల్ఐసీ పాలసీలు చాలావాటిలో కొన్నేళ్లపాటు వాయిదాలుగా ఇచ్చే వీలుంది. ఆ ఎంపిక పాలసీదారు బతికుండగానే చేయాలి. అప్పులున్న ఇంటి మగవాళ్లు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర పాలసీ తీసుకుంటే, అప్పులవాళ్లు ఆ డబ్బును ముట్టుకోలేరు.

ఇప్పుడే చేయాల్సినవి

• పెళ్లి, బిడ్డ పుట్టడం, నామినీ మరణం: ఈ మూడింటిలో ఏది జరిగినా పేరు మార్చండి. బ్యాంకులో, బీమా కంపెనీలో, పీఎఫ్‌లో వేర్వేరుగా మార్చాలి.
• నామినీకి 18 ఏళ్లు నిండకపోతే, డబ్బు అందుకునే పెద్దమనిషి పేరు కూడా రాయండి.
• నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ఇంటిపేరు తేడా ఒక్కటి చాలు, ఫైలు ఆగడానికి.
• మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించండి. ఆ గడువులో రుసుం ఉండదు.
• విచారణ అక్కర్లేని క్లెయిమును కంపెనీ 15 రోజుల్లో, విచారణ జరిపితే 45 రోజుల్లో తేల్చాలి. లేకపోతే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, తిరస్కరించినా ఏడాదిలోపు లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల పాసుబుక్కులూ తెరిచి చూడండి. నామినీ గడి ఖాళీగా ఉంటే మర్నాడే బ్యాంకుకు వెంట తీసుకెళ్లండి.