స్వగృహము: ఉత్తరాంధ్ర సంఘ చరిత్రలో పరలోక నిరీక్షణ

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘములలో ఒక విశ్వాసి కన్నుమూసినప్పుడు "చనిపోయినాడు" అని అనుటకు మనకు నోరు రాదు. "ప్రభువు నందు నిద్రించెను" అనియో, "స్వగృహము చేరెను" అనియో చెప్పుకొందుము. ఆదరణ కూడికకు వేయించు కార్డులలోను ఇవే మాటలు. పరలోకమే మన స్వంత ఇల్లు అను ఈ నమ్మిక మన ప్రాంతమున ఎట్టివారి బ్రదుకులలో వేరూనెనో ఈ శతవార్షికోత్సవ సంచికలో కొంత చెప్పదలచితిమి.

1805లో లండన్ మిషనెరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు దొరలు విశాఖపట్నము చేరిరి. ఉత్తర తీరపు ప్రొటెస్టెంటు సువార్త పనికి అదే మొదటి వాకిలి. అయిదేండ్లు నిండీ నిండకమునుపే, 1809లో క్రాన్ గారు, 1810లో డెస్ గ్రాంజెస్ గారు మరణించిరి. ఆనందరాయర్ అను బ్రాహ్మణ విశ్వాసి సాయముతో డెస్ గ్రాంజెస్ గారు తెనిగించిన మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. ఆయన వాటిని కన్నులారా చూడలేదు.

నేటి మన తెలుగు బైబిలులో నిలిచిన మాట 'పరలోకము'. 'స్వర్గము' అను మాట జనుల నాలుకపై అంతకుముందే ఉన్నది గదా, దానినే ఏల వాడలేదని యువజనులు అప్పుడప్పుడు మమ్మును అడుగుదురు. మాకు తోచినది ఇది. దేశీయుల నమ్మికలో స్వర్గము పుణ్యము ఉన్నంతవరకే. అది కరిగిన పిమ్మట మరల భూమిపై జన్మించవలెను. పూరీ జగన్నాథమునకు పోవు బాటసారులకై మన దారి పొడవున సత్రములుండెడివి. సత్రములో ఎంత మంచి భోజనము పెట్టినను మూట కట్టుకొని లేవవలసినదే. సువార్త చెప్పినది సత్రము కాదు, తండ్రి ఇల్లు. తిరిగి లేచి పోనక్కరలేని చోటు.

ఇల్లు అను మాట విలువ ఇల్లు పోగొట్టుకొన్నవానికే తెలియును. పురుషోత్తమ చౌదరి గారి సంగతి చూడుడి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున ఒరియా బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో బ్రాహ్మణునికి బాప్తిస్మమనగా కులముతో, బంధువులతో, కన్నవారి గడపతో తెగతెంపులే. 1890లో తనువు చాలించువరకు ఆయన ఈ సీమలో సువార్త చాటుచు, కులభేదములను ఖండించుచు, తన తల్లిభాష కాని తెలుగులో నూటికి పైగా కీర్తనలు వ్రాసిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో వాటిని నేటికిని పాడుచున్నాము. ఆయన పాటలలో ముక్తిని గూర్చిన ఆరాటము కల్పన కాదని మా నమ్మకము. గడప దాటి వచ్చినవాని పాట అది.

ఇక మిషనెరీల సంగతి. కెనడా సముద్రతీర రాష్ట్రముల బాప్తిస్టులు మొదట సయాము దేశమునకని బయలుదేరి, అక్కడ పని కుదరక 1875లో మన తీరమునకు వచ్చిరి. వారిలో జార్జి చర్చిల్, మటిల్డా చర్చిల్ దంపతులు 1879 మొదలు బొబ్బిలిలో కాపురముండిరి. ఆ దొరసాని గారి ఉత్తరములు 1916లో ఇంగ్లీషున పుస్తకముగా వెలువడినవి. దాని పేరును తెలుగు చేసినచో "ఇండియాలోని నా ఇంటినుండి ఉత్తరములు" అని వచ్చును. పరలోకము స్వదేశమని నమ్మి బోధించిన ఆమె పుస్తకముపై బొబ్బిలియే 'నా ఇల్లు' అయినది.

ఈ బోధపై ఒక నింద కలదు. పేదవానికి పరలోకము చూపి ఇహలోకమున నోరు కట్టుదురని. దీనిని తేలికగా తోసివేయరాదు. కూలి తక్కువైనను, దెబ్బలు పడినను ఓర్చుకో, పైన అంతయు సరియగును అను ప్రసంగములు ప్రసంగ పీఠములనుండి వినబడలేదని మేము చెప్పజాలము. అయితే అది లేఖనముల బోధ కాదు. బబులోనుకు చెరపోయిన వారికి యిర్మీయా వ్రాసినదేమి? అక్కడనే ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కోరుడి అనియే గదా.

సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు వైద్యశాల మా వాదమునకు సాక్ష్యము. ఆ రోగులను స్వంతవారే ఇంటినుండి వెళ్ళగొట్టెడివారు. అట్టివారికి పరలోకములో ఇల్లున్నదని చెప్పి ఊరకుండక, ఇక్కడనే మంచము, మందు, ముట్టుకొను చేతులు ఇచ్చిరి. ఫిలడెల్ఫియా అనగా సహోదర ప్రేమ. పేరు సరిగానే పెట్టిరి.

వలస పోవుట మనవారికి పాత సంగతే. మన తాతల కాలమున రంగము పోయి, రేవులలో మూటలు మోసి, రిక్షాలు లాగిన వారికి దేహము అక్కడ, మనసు ఊరిలో. ఫిలిప్పీలో నివసించుచు రోము పౌరసత్వమును తలచుకొని మురియువారికి, మీ పౌరసత్వము పరమునందున్నదని పౌలు వ్రాసిన భావము అట్టివానికి వివరింపనక్కరలేదు. 1941 డిసెంబరులో రంగముపై జపానువారి బాంబులు పడగా వేలకొలది తెలుగువారు అడవులు, కొండలు నడచి వచ్చిరి. దారిలో రాలిపోయినవారెందరో. 1964 తరువాత మరల కాందిశీకులు వచ్చిరి. పుట్టిన బర్మా తమది కాదనెను, వచ్చిన ఊరు గుర్తుపట్టలేదు.

అట్టి కుటుంబములు మన సంఘములలో ఉన్నచో ఒక మనవి. రంగమునుండి తెచ్చిన బైబిలుగాని, కీర్తనల పుస్తకముగాని, అట్టలపై వ్రాసిన జనన మరణముల తేదీలుగాని మీ పెట్టెలలో ఉన్నచో చెదలు పట్టకముందే మీ సంఘ పాస్టరుగారికి చూపుడి. దారిలో పోయినవారి పేర్లు పెద్దలకు జ్ఞాపకమున్నంతలో సంఘపు రిజిస్టరులో వ్రాయించుడి.