ఈగలు ఎవరి వెంట వచ్చినాయి?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకొని చదవండి.

పోయిన ఏప్రిల్లో మా హాస్టల్ మెస్సులో అన్నం గిన్నె మూత తీస్తే చాలు, ఈగలు ముసురుకునేవి. ఒక చేత్తో తినడం, ఇంకో చేత్తో తోలుకోవడం. ఒకరోజు లైన్లో నా వెనకాల ఉన్న పిల్లోడు, "ఈ తండా బ్యాచ్ వచ్చినాకనే ఈగలెక్కువైనాయిరా" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను. వాడు అన్నదాని కంటే నేను నవ్వినందుకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు చెడ్డవాడేం కాదు, ఇంటి దగ్గర విన్నదే అన్నాడు. నాది హిస్టరీ డిగ్రీ. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినది నేనే మొదలు. సరే, ఈగల చరిత్ర ఏందో చూద్దామని లైబ్రరీలో కూర్చున్నా.

ముందు ఈగ సంగతి. ఆడ ఈగ ఒక్క తూరికి 100 నుంచి 150 గుడ్లు పెడుతుంది. పచ్చి పేడలో, కుళ్లిన కూరగాయల్లో, మలంలో, యాడ తడి ఉంటే ఆడ. మన ఎండాకాలంలో ఆ గుడ్డు పురుగై, గూడు కట్టి, రెక్కలొచ్చి ఎగరడానికి 7 నుంచి 10 రోజులు చాలు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఇప్పుడు మన సంగతి. సుగాలీలు, లంబాడీలు అని ఇప్పుడు పిలుస్తున్న మనవాళ్లు రైలు రాకముందు లదేణి నడిపినారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరి నుంచి ఊరికి, సముద్రం ఒడ్డు నుంచి ఎగువ దేశానికి. ఇంగ్లీషోళ్ల రాతల్లో మనల్ని బ్రింజారీలు అన్నారు. 1791-92లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి పోయినప్పుడు ఆయన సైన్యానికి ధాన్యం మోసింది ఈ బిడార్లే. వానాకాలం నాలుగు నెలలు ఒక చోట దిగేవాళ్లు, మిగతా కాలమంతా నడకే. ఎద్దులు ఎన్ని ఉంటే పేడ అంత. కానీ ఆ పేడలో పురుగు ఈగ అయ్యేలోపల బిడారు ఇంకో మజిలీకి పోయింటుంది. ఈగలు పుట్టినా మనుషులు లేని చోట పుట్టినాయి. ఇది ఏ పుస్తకంలోనూ చదవలేదు, నేను వేసుకున్న లెక్క. తప్పయితే కామెంట్లో చెప్పండి.

1871లో మద్రాసు రైలు మన కడప మీదుగా పోయి రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. వందల ఎద్దులు నెలలు మోసే సరుకును ఒక్క గూడ్సు బండి మోసింది. రోడ్ల మీద ఎద్దుల బండ్లు కూడా పెరిగినాయి. లదేణి పనికిరాకుండా పోయింది. కొందరు అడవి అంచున, కొందరు ఎవరికీ పనికిరాని రాళ్ల గుట్టల పక్కన దిగిపోయినారు. దిగిన చోటే తండా. దిగిన చోటే పశువులు, పేడ, దిబ్బ. అప్పుడు ఈగకు కూడా అడ్రస్ దొరికింది.

ఆ తర్వాత ఐదేళ్లకే 1876-78 కరువు. ధాత సంవత్సరంలో మొదలైంది కాబట్టి పెద్దలు ధాత కరువు అంటారు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు చితికిపోయినాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు మనుషులు తగ్గిపోయినారు. చచ్చినోళ్లు, వలస పోయినోళ్లు అందరూ అందులోనే. రిలీఫ్ పనులకు, క్యాంపులకు వేల మంది చేరినారు. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర, ఎండలో రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ. ఆర్. కార్నిష్ ఇది మనిషికి చాలదని గట్టిగా వాదించినాడు. కొద్ది నెలలకు కూలి కొంచెం పెంచినారు. (నేను హిస్టరీ తీసుకున్నందుకు సంతోషపడింది ఈ కార్నిష్ గురించి చదివినప్పుడే.)

ఆ క్యాంపుల్లో ఆకలి కంటే ముందు కలరా తినేసింది చాలా మందిని. నీళ్లు తక్కువ, మనుషులు ఎక్కువ, వండేచోటికీ బయటికి పోయేచోటికీ దూరం లేదు. కలరా క్రిమి ఏందో అప్పటికి తెలీదు, కోఖ్ కలకత్తాలో దాన్ని గుర్తించింది 1884లో. ఈగ మీద అనుమానం గట్టిపడింది ఇంకా తర్వాత. 1898లో అమెరికా సైన్యం క్యాంపుల్లో టైఫాయిడ్ వచ్చి సిపాయిలు చచ్చిపోతుంటే డాక్టర్లు పోయి చూసినారు. మరుగుదొడ్డి గుంటల్లో సున్నం చల్లినారంట. భోజనాల గుడారంలో అన్నం మీద వాలిన ఈగల కాళ్లకు ఆ సున్నం తెల్లగా అంటుకొని ఉందంట. ఇది చదివి నేను పుస్తకం మూసేసినా. ఆ సిపాయిలు తండా నుంచి రాలేదు కదా. తెల్లోళ్లు, యూనిఫారం వేసుకున్నోళ్లు. నీళ్లు లేకుండా వేల మందిని ఒక చోట కూర్చోబెడితే ఎవరి పళ్లెం మీదైనా అదే ఈగ.

తర్వాతి ముక్క మా దాదీ చెప్పింది. ఆమె చిన్నప్పుడు మలేరియా వాళ్లు వచ్చి గుడిసె గోడలకు డీడీటీ కొట్టి పోయేవాళ్లంట. మొదటి ఏడు దోమలతో పాటు ఈగలు కూడా రాలిపడినాయంట. "రెండు మూడేండ్లకు ఆ మందు మీదనే కూర్చునేటివి" అని నవ్వింది. నేను నమ్మలేదు. చూస్తే నిజమే. డీడీటీకి చావని ఈగలు స్వీడన్‌లో 1946లోనే కనిపించినాయి. మన దేశంలో మలేరియా కార్యక్రమం మొదలైంది 1953లో.

అందుకే మందు కంటే తడి ఆపడం మేలు. మన సీమ ఎండే పెద్ద మందు. పేడ పలచగా పిడకలు కొట్టి ఎండలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో ఎండిపోతుంది, పురుగు బతకదు. మన ఆడవాళ్లు ఎప్పటి నుంచో చేస్తున్న పని అది, దానికి ఎవరూ శానిటేషన్ అని పేరు పెట్టలేదు. కుప్ప పోస్తేనే చిక్కు. కుప్పను గట్టిగా తొక్కి పట్ట కప్పితే లోపల వేడికి పురుగు చస్తుంది, అంచుల్లో మాత్రం బతుకుతుంది, కాబట్టి అంచులను వారానికొకసారి గీకి లోపలికి తోయాల. వారమే ఎందుకంటే పైన చెప్పిన 7 రోజుల లెక్క. బేనిషా తొక్కలు, టెంకలు గడప పక్కన పారేయకండి. వేపాకు పొగ పెడితే ఈగలు బయటికి పోతాయి, పొగ ఆరినాక వస్తాయి.

మా హాస్టల్ సంగతి కూడా తేలింది. మెస్సు వెనకాల మిగిలిన అన్నం పోసే డ్రమ్ముకు మూత లేదు. పక్కన కాలువ పూడిపోయింది. నీళ్ల ట్యాంకర్ రోజు మార్చి రోజు వస్తుంది. మేం నలుగురం కలిసి డ్రమ్ము మీద రేకు వేసినాం. ఆ నలుగురిలో లైన్లో నవ్విన పిల్లోడు కూడా ఉన్నాడు. వాడికి ఈ కరువు కథంతా చెప్పలేదు, రేకు ఒక పక్క పట్టుకోమన్నా అంతే.

ఇంటి దగ్గర మాత్రం కుదరలేదు. మా దిబ్బ వాకిలికి ఆరడుగుల దూరం. దూరం జరపమని నాయనకు చెప్పినా. జరపాలంటే మాకుండేది రెండు సెంట్లు, అది దాటితే వేరేవాళ్ల చేను. ఆ రైతును అడిగితే "చోటిస్తా, కానీ ఎరువు నాదే" అన్నాడు. ఎరువు పోతే మా కౌలు చేనికి ఏం తోలాల? దాదీ ఒప్పుకోలేదు. నాయన ఇంకా ఆలోచిస్తున్నాడు. ప్రస్తుతానికి పాత టార్పాలిన్ కప్పి నాలుగు రాళ్లు పెట్టినాం. రాత్రిపూట కుక్కలు లాగేస్తున్నాయి, పొద్దున్నే లేచి మళ్లీ కప్పుతున్నాం.