ముసలి గుర్రంలో కుంటు: కారణ నిర్ధారణ

అడుగు వేసేటప్పుడు గుర్రం ఒక కాలి మీద బరువు ఆనకుండా తప్పించుకున్నా, కాలు ఎప్పటిలా ముందుకు సాగకపోయినా దాన్ని కుంటు అంటారు. నొప్పి, కీళ్లు బిగుసుకుపోవడం, నరాల బలహీనత, వీటిలో ఏదైనా దానికి మూలం కావచ్చు. గుర్రం సాధారణంగా 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. 15 దాటితే వయసు మళ్లిందని లెక్క. ఆ వయసులో కుంటితే ‘ముసలిదైంది, ఇక అంతే’ అని వదిలేసే అలవాటు మనలో బలంగా ఉంది. ఇది ఆ జీవికి చేసే అన్యాయం. వయసు కీళ్లను అరగదీసే మాట నిజమే. కానీ గిట్టలో చీము పట్టినా, మేపులో లోపం వల్ల ఎముక గుల్లబారినా, దోమ మోసుకొచ్చిన పురుగు వెన్నుపాములో చేరినా అదే గుర్రం అలాగే కుంటినట్టు కనిపిస్తుంది. ఒక్కోదానికి వైద్యం ఒక్కో రకం.

కృష్ణా డెల్టా దిగువన, బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతంలో పొలం దున్నింది ఎడ్లూ దున్నపోతులే. గుర్రానికి ఇక్కడ వేరే చరిత్ర ఉంది. ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు ఆలయానికి ప్రసిద్ధి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద రచనకు ప్రేరణ ఇక్కడే కలిగిందని సంప్రదాయం. దూరదేశాల నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులను ఆదరించాలని, ఆ గుర్రాలు శత్రువుల చేతికి పోనివ్వకూడదని ఆ కావ్యంలోని రాజనీతి భాగం చెబుతుంది. మనుమంచి భట్టు హయలక్షణ విలాసం తెలుగులో గుర్రాల శాస్త్రానికే కేటాయించిన గ్రంథం. తర్వాతి కాలంలో జట్కా ఈ పట్టణాల వీధుల్లో తిరిగింది. ఆటోలు వచ్చాక జట్కాలు తగ్గిపోయి, గుర్రం ఎక్కువగా పెళ్లి ఊరేగింపులకే మిగిలింది.

ముందు ఏ కాలో తేల్చాలి

పరీక్ష కంటితో మొదలవుతుంది. గట్టి, చదునైన నేల మీద గుర్రాన్ని తాడు వదులుగా పట్టుకుని నడిపించాలి. ఆ తర్వాత ట్రాట్ చేయించాలి, అంటే ఎదురుమూల కాళ్లు జంటగా పడే మెల్లని పరుగు. ముందరి కాలు నొప్పిగా ఉంటే అది నేలకు ఆనినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. తల దిగిన వైపు కాలే చెడ్డదనుకోవడం తరచూ జరిగే పొరపాటు. వెనుక కాలైతే తలను వదిలి పిరుదులను చూడాలి. నొప్పి ఉన్న వైపు పిరుదు రెండో దానికంటే ఎక్కువగా ఎగిసిపడుతుంది. ఈ పరీక్ష పూర్తయ్యేదాకా నొప్పి మందు ఇవ్వకూడదు. ఇస్తే చూడాల్సిన కుంటే మరుగునపడిపోతుంది.

శరీర బరువులో దాదాపు 60 శాతం ముందరి కాళ్లే మోస్తాయి. అందుకే కుంటు ఎక్కువగా వాటిలోనే, అందులోనూ గిట్టలోనే ఉంటుంది. భుజం పట్టేసిందని చాలామంది అనుకుంటారు గాని, గిట్టను శుభ్రం చేసి చూడకుండా భుజం మాట ఎత్తకూడదు. గిట్ట మీద చెయ్యి వేసి వేడి చూడాలి. చీలమండ వెనుక రెండు పక్కలా వేళ్లు ఆనించి నాడి చూడాలి. మామూలుగా లీలగా తగిలే నాడి గట్టిగా కొట్టుకుంటుంటే గిట్ట లోపల వాపు ఉన్నట్టు. నిన్నటిదాకా బాగున్న గుర్రం తెల్లారేసరికి కాలు కింద మోపలేకపోతే మొదట అనుమానించాల్సింది గిట్టలో చీము, లేదా లాడం మేకు పక్కకు దిగడం. గిట్టను పట్టకారుతో అంగుళం అంగుళం నొక్కితే నొప్పి ఉన్న చోట గుర్రం కాలు లాక్కుంటుంది. చీముకు దారి చేస్తే చాలావరకు త్వరగానే తేరుకుంటుంది. ఎముక విరిగిన గుర్రం కూడా కాలు మోపదు కాబట్టి ఆ అనుమానం ఉంటే నడిపించకూడదు. వానాకాలంలో తడి నేల మీద కట్టేస్తే గిట్ట అడుగున మెత్తటి త్రికోణ భాగం కుళ్లి నల్లగా, దుర్వాసనగా మారుతుంది. డెల్టాలో పొడి నేల దొరకడమే కష్టం గనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

గిట్టలో ఏమీ దొరకకపోతే పైకి వెళ్లాలి. పశువైద్యుడు ఒక్కో కీలును కాసేపు మడిచి పట్టుకుని వెంటనే ట్రాట్ చేయిస్తాడు. కుంటు పెరిగితే ఆ కీలును అనుమానించాలి. అప్పటికీ తేలకపోతే గిట్ట దగ్గర మొదలుపెట్టి పైపైకి నరాల దగ్గర మత్తు సూది వేస్తూ వస్తాడు. ఏ సూదితో కుంటు తగ్గిందో నొప్పి అక్కడ ఉన్నట్టు. ఎక్స్‌రే ఆ తర్వాతే. ముసలి గుర్రం కాలికి ఎక్కడ ఎక్స్‌రే తీసినా అరుగుదల కనిపించే అవకాశం ఉంది, దాన్నే కుంటుకు కారణమని చెప్పలేం. అరిగిన కీలు వల్ల వచ్చే కుంటు పొద్దున్నే ఎక్కువగా ఉండి, కాస్త నడిచాక సడలుతుంది.

తవుడు, దోమ, వయసు తెచ్చే మరో జబ్బు

వరి పండే చోట తవుడు చవక, గుర్రానికీ అదే పెడతారు. తవుడులో భాస్వరం కాల్షియం కంటే పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రం మేతలో కాల్షియం భాస్వరానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. నెలల తరబడి తవుడే ప్రధాన మేత అయితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. కుంటు ఒక రోజు ఈ కాలిలో, మరో రోజు ఆ కాలిలో కనిపిస్తుంది. దవడ, ముఖం ఎముకలు ఉబ్బి పళ్లు వదులవుతాయి. నేపియర్, పారా వంటి గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వక దీన్ని ఇంకా పెంచుతాయి. రక్తంలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, కాబట్టి ఒక్క రక్తపరీక్షతో ఈ జబ్బు లేదని కొట్టిపారేయకూడదు. కాలు మార్చి మార్చి కుంటే గుర్రం ఎదురైతే మేత తొట్టిలో ఏముందో అడగడం ఎక్స్‌రే కంటే ముందు పని.

ఇక్కడివాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన మరొకటి కుమ్రి. సెటేరియా డిజిటేటా అనే పురుగు పశువుల పొట్టలో వాటికి పెద్దగా హాని లేకుండా బతుకుతుంది. దోమ దాని పిల్ల పురుగులను గుర్రానికి ఎక్కిస్తే అవి దారితప్పి వెన్నుపాములో చేరతాయి. గుర్రం వెనుక భాగం ఊగుతుంది, కాలి కొనలు నేలకు రాసుకుంటాయి. నొప్పి మాత్రం కనిపించదు. నడుస్తున్నప్పుడు తోకను పక్కకు లాగితే ఎదురు నిలవలేక అటు ఒరిగిపోతుంది. పశువులూ వరి నీరూ దోమలూ కలిసి ఉన్న చోట ఈ ప్రమాదం సహజం. కుట్టే ఈగలు మోసుకొచ్చే సర్రా జబ్బు కూడా గుర్రాన్ని చిక్కిపోయేలా చేసి నడుము పడేస్తుంది. దానికి కారణమైన పరాన్నజీవిని రక్తపు చుక్కలో సూక్ష్మదర్శినితో వెతుకుతారు.

మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వయసుతో చెడినప్పుడు వెంట్రుకలు రాలక పొడుగ్గా పెరుగుతాయి, కండ కరుగుతుంది. దాని వెంట లామినైటిస్, అంటే గిట్ట లోపలి పొరల వాపు, రావచ్చు. రెండు ముందరి గిట్టలూ నొప్పెట్టడంతో గుర్రం వాటిని ముందుకు చాచి, బరువు వెనక్కి వేసి నిలబడుతుంది. ఏసీటీహెచ్ హార్మోన్ పరీక్షతో ఈ గ్రంథి జబ్బు తేలుతుంది, పెర్గొలైడ్ మందుతో అదుపులో ఉంటుంది.

నొప్పి మందును పశువైద్యుడే ఎంచాలి. ముసలి గుర్రానికి అదుపు లేని నొప్పి మందులు మూత్రపిండాలనూ కడుపునూ దెబ్బతీస్తాయి. రాబందుల చావుకు కారణమైన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడటాన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఈ ప్రాంతానికి దగ్గరలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు కుంటు ఎప్పుడు మొదలైందో, ఏ మేత పెడుతున్నారో, లాడాలు ఎప్పుడు కొట్టించారో రాసి తీసుకెళ్లండి. వీలైతే గట్టి నేల మీద ఆ గుర్రం నడకను ఫోన్‌లో వీడియో తీసి చూపించండి.