కల్లు కుండ మీద ఎవరి హక్కు?

మద్యం గురించి స్త్రీల వైపు నుంచి మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా మనం దూబగుంట దగ్గరే మొదలుపెడతాం. అది న్యాయమే. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాను పాకెట్లలో పల్లెలకు చేరవేసింది. కూలి డబ్బులు సారా కొట్టుకు పోయాయి, దెబ్బలు ఇంటికొచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూనే ఆ కొట్లు మూయించారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో ఎత్తేశారు. ఖజానాకు ఆ ఆదాయం కావలసి వచ్చింది మరి!

కానీ ఈ ఒక్క కథ దగ్గరే ఆగితే, తాగుడంటే మగవాడి సుఖం, ఆడదాని ఏడుపు అన్నచోటే మనమూ ఆగిపోతాం. నేను పెరిగిన నర్సీపట్నం నుంచి చూస్తే ఇంకో కథ కనిపిస్తుంది. మా ఊళ్లో వైన్ షాపు ముందు ఆడమనిషి నిలబడదు. అదే లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లి వైపు పోతే, ఆడవాళ్లు జీలుగు కల్లు అమ్ముతారు, తామూ తాగుతారు. ఆనపకాయ బుర్రలోంచి ఆకు డొప్పలోకి వంపుకుని, కబుర్లు చెప్పుకుంటూ తాగుతారు. అందులో దాపరికం లేదు. కింద మా వీధిలో మాత్రం దాన్ని ‘కొండోళ్ల అలవాటు’ అనేవారు. ఆ మాటలో కులమూ ఉంది, ఆడదాని నడవడి మీద తీర్పూ ఉంది.

ఈ కల్లుకు పెద్ద చరిత్రే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నేరం చేశాయి. గీత హక్కులు మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. దానిమీద రంప మన్సబుదారు చిగురుపన్ను వేశాడు. అడవి ఆంక్షలూ, వడ్డీ వ్యాపారుల దోపిడీ దీనికి తోడయ్యాయి. 1879 మార్చిలో రంప పితూరీ మొదలై గూడెం కొండలకూ పాకింది. అంటే మన్యం తిరగబడ్డ కారణాల్లో తన చెట్టు కల్లు తాను తాగే హక్కు ఒకటి.

మరి ఆ కల్లు తాగిన ఆడవాళ్లెక్కడ? ఈ పితూరీల మీద మనమంతా చదువుకునే డేవిడ్ ఆర్నాల్డ్ వ్యాసం 1982లో సబాల్టర్న్ స్టడీస్ తొలి సంపుటిలో వచ్చింది. దాని శీర్షికలోనే ఉన్నది ‘హిల్‌మెన్’. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేయడానికి ముందు, అల్లూరి సీతారామరాజు ఇవే కొండల్లో తాగుడు మానమని ప్రచారం చేశాడు. ఒకసారి కల్లు కోసం తిరుగుబాటు, ఇంకోసారి కల్లు మానమని బోధ. ఈ రెండు కథల్లోనూ ఆడవాళ్లు ఏమనుకున్నారో మనకు చెప్పేవాళ్లు లేరు.

ఈ ప్రశ్న నాలో బలపడింది సియోల్‌లో. డాక్టరేటు అయ్యాక అక్కడ రెండేళ్లున్నాను. సాయంత్రాలు తోటి పరిశోధకురాళ్లతో కలిసి బీరు, వేయించిన కోడి ముందేసుకుని కూర్చునేదాన్ని. అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాళ్లు నింపుతారు. పెద్దవాళ్లకైతే రెండు చేతులతో పోస్తారు. నాకు ఆ బీరు నచ్చింది. ఎవరూ వింతగా చూడని ఆ కూర్చోవడం ఇంకా నచ్చింది. ఆఫీసు విందుల్లో పై అధికారి పోస్తే వద్దనలేక తాగే బాధ గురించి చెప్పిందీ ఆ స్నేహితురాళ్లే. తాగగలగడం ఒక్కటే స్వేచ్ఛ కాదు, వద్దనగలగడం కూడా ఉండాలి.

బియ్యంతో పులియబెట్టే మక్కొల్లి సంగతీ అక్కడే తెలిసింది. ఒకప్పుడు ఇంట్లో మద్యం తయారీ ఎక్కువగా ఆడవాళ్ల పని, వాళ్ల నేర్పు. 1909లో మద్యం పన్ను చట్టం వచ్చింది. జపాన్ వలస పాలనలో 1916లో దాన్ని ఇంకా బిగించారు. 1934 నాటికి ఇంటి అవసరానికి చేసుకునే అనుమతులే లేకుండా పోయాయి. వంటింటి కుండ నేరమైంది. మన మన్యానికి జరిగిందీ ఇలాంటిదే కదా!

అందుకే దూబగుంటనూ రంపనూ ఎదురెదురుగా నిలబెట్టలేను. ఒకచోట ఆడవాళ్లు ప్రభుత్వం అమ్మే సారా వద్దన్నారు. ఇంకోచోట ప్రభుత్వం లాక్కున్న కల్లు మాదేనని జనం తిరగబడ్డారు. రెండుచోట్లా అవతల నిలబడ్డది ఆబ్కారీ ఆదాయమే. కొండల్లో తాగుడు వల్ల కొంపలు కూలడం లేదని నేననను. అక్కడి ఆడవాళ్లూ దెబ్బలు తింటున్నారు. అయితే చెట్టు మీదా, కుండ మీదా, తమ సాయంత్రం మీదా వాళ్లకున్న హక్కును మన నీతితో కొలవకూడదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకీ, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్లాయి. ఆ గీత దాటి, వాళ్ల భాషల్లో, వాళ్ల నోటితో ఈ చరిత్రను రాసుకోవాల్సిన పని మన పరిశోధకురాళ్ల ముందుంది.