విమానం కూలిందని మెసేజ్ వచ్చిందా? కారణం తేల్చేది ఎవరు, ఎప్పుడు?

2022 ఫిబ్రవరి 26. నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో విమానం కూలింది. కాసేపటికే ‘హెలికాప్టర్ కూలి ఇద్దరు మృతి’ అన్న వార్త ఫోన్లలో చక్కర్లు కొట్టింది. తీరా చూస్తే అది హెలికాప్టర్ కాదు, సెస్నా 152 శిక్షణ విమానం. చనిపోయింది ఒక్కరే, ఒంటరిగా విమానం నడుపుతున్న ట్రైనీ పైలట్. కంటికి కనిపించే విషయాలే అంత తప్పుగా వచ్చాయి. ఇక ‘ఎందుకు కూలింది’ అని గంటలోపే చెప్పేవారిని మీరు ఎంతవరకు నమ్మొచ్చు? పిల్లలను పైలట్ శిక్షణకు పంపిన ప్రతి ఇంట్లోనూ ఆ మెసేజ్ చూసి గుండె ఆగినంత పని అవుతుంది.

కథలాపూర్, కోరుట్ల, సిరిసిల్ల వైపు విమానాశ్రయమే లేదు, మనకెందుకు అనుకోవద్దు. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి బయలుదేరింది కరీంనగర్‌కే. కథలాపూర్ అప్పట్లో ఆ జిల్లాలోదే. బెంగళూరు శివారు జక్కూరులో టేకాఫ్ అయిన కొద్దిసేపటికే సెస్నా 180 కూలిపోయి ఆమె, సోదరుడు, పైలట్ సహా నలుగురు మరణించారు. జాతకంలో ముందే ఉందన్న వీడియోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఇంజిన్ ఊసు మాత్రం ఉండదు.

ఎవరు తేలుస్తారు?

పౌర విమానమైతే కేంద్ర పౌర విమానయాన శాఖ కింద 2012లో ఏర్పాటైన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో, అంటే ఏఏఐబీ. వాయుసేన విమానమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ. 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ మండలం రావెల్లిలో దుండిగల్ అకాడమీ శిక్షణ విమానం కూలి ఇద్దరు పైలట్లు చనిపోయినప్పుడు అదే వేశారు.

చిన్న విమానాల్లో సాధారణంగా బ్లాక్‌బాక్స్ ఉండదు. అందుకే శకలాలే సాక్ష్యం. ప్రొపెల్లర్ రెక్క వంగిన తీరును బట్టి నేలను తాకినప్పుడు ఇంజిన్ పనిచేస్తోందో లేదో అంచనా వేస్తారు. ఇంధనం నమూనా, మరమ్మతుల రికార్డులు, వాతావరణం, పైలట్ ఆరోగ్యం, రేడియోలో జరిగిన సంభాషణ అన్నీ పోల్చి చూస్తారు. వీటిలో ఏదీ ఒక్క రోజులో తేలేది కాదు.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పెద్ద ప్రమాదాలకు ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, తుది నివేదిక వీలైతే ఏడాదిలో రావాలి. దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని ఆపడమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. 2025 జూన్ 12 అహ్మదాబాద్ ప్రమాదంపై నెలకు వచ్చింది ప్రాథమిక నివేదికే. అయినా అందులోని ఒక్క సంభాషణ పట్టుకుని పైలట్లపై తీర్పులు మొదలయ్యాయి. తొందరపడి నిర్ణయానికి రావొద్దని ఏఏఐబీయే జూలై 17న విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది.

మీ ఊళ్లోనే కూలితే?

ముందు 112కు ఫోన్ చేయండి. మనుషులను కాపాడటానికి, మంటలు ఆర్పడానికి తప్ప శకలాలను కదపకూడదు. సెల్ఫీ కోసం ముక్క చేతిలోకి తీసుకున్నా సాక్ష్యం చెడినట్టే. మీ దగ్గర వీడియో ఉంటే డిలీట్ చేయొద్దు, ఎడిట్ చేయొద్దు. వాట్సాప్‌లో పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి ఒరిజినల్ ఫైల్‌నే పోలీసులకు, దర్యాప్తు అధికారులకు ఇవ్వండి. మీరు చూసింది, విన్నది, సమయంతో సహా చెప్పండి. ‘ఇంజిన్ ఫెయిలైంది’ అనకండి, ‘శబ్దం ఆగి ఆగి వచ్చింది’ అనండి. వాళ్లకు పనికొచ్చేది ఆ రెండోదే. మృతుల పేర్లు, ఫొటోలు మాత్రం కుటుంబానికి అధికారులు చెప్పేదాకా మీ ఫోన్ దాటనివ్వొద్దు.

పౌర విమాన ప్రమాదాల తుది నివేదికలను ఏఏఐబీ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు.