ముందు మూత విప్పు

మా నాయన ఏ సెట్టునూ మోగించి చూసి కొన్నది లేదు. బద్వేలులో మా మైకుసెట్ల కొట్టుకు ఎవరైనా పాత ఆంప్లిఫైయరు అమ్మకానికి తెస్తే ముందు స్క్రూడ్రైవరు అందుకునేవాడు. నాలుగు మరలూ విప్పి, మూత పక్కన పెట్టి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. కాలిన వార్నిషు వాసన వస్తే బేరం అక్కడితో సరి. ఆ తర్వాత మూత లోపలి వైపు చూసేవాడు. ఆ రోజుల్లో వాల్వు సెట్లకు సర్క్యూటు బొమ్మ ఉన్న కాగితం అక్కడ అంటించి ఉండేది. అది చిరిగిపోయినా, ఎవరో పీకేసినా నాయన మొహంలో ఉత్సాహం తగ్గేది.

కాగితం ఉంటే సిరీస్ బల్బు తీసేవాడు. వంద వాట్ల బల్బును సెట్టుకు వరసలో కలిపి కరెంటు ఇస్తే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలిగి అట్లే నిలిచిపోతుంది. సెట్టు బాగుంటే ఒక్కసారి వెలిగి మగ్గుతుంది. సెట్టు కాలకుండా, ఫ్యూజు పోకుండా లోపలి సంగతి చెప్పే పరీక్ష అది. మైకు, స్పీకరు కలపడం చిట్టచివరి పని. "పాట ఎప్పుడైనా ఇనొచ్చులేరా. మోగేది ఈ పొద్దు సంగతి. చెడిపోయిన పొద్దు ఎవురు బాగు చేస్తారో అది సూడు" అనేవాడు. ఈ మాట నాకు నలభై ఏళ్లకు గానీ పూర్తిగా అర్థం కాలేదు. అదీ ఆంప్లిఫైయరు ముందు కాదు, కంప్యూటరు ముందు.

మా వైపు ఊళ్లకు రేడియో ముందు వచ్చింది, మైకు తర్వాత. పంచాయతీ ఆఫీసు గోడకు ఒక రేడియో ఉండేది, సాయంత్రం దాని కింద అరుగు మీద ఊరంతా కూర్చునేది. సొంత రేడియో ఉన్నవాళ్లు అప్పట్లో ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాల్సి వచ్చేది. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలయ్యాక మన యాసలో మాటలు గాలిలోంచి రావడం మొదలైంది. అంతకుముందు సినిమా పాటలు కావాలంటే రేడియో సిలోనే దిక్కు. అక్కడి అనౌన్సరు మీనాక్షి పొన్నుదొరై గొంతు వినపడే వేళకు ముల్లు సరిగ్గా నిలబెట్టడమే పెద్ద విద్య అని నాయన చెప్పేవాడు. రేడియోలు బాగుచేసే చేతులే తర్వాత మైకుసెట్లు పట్టుకున్నాయి. బ్రహ్మంగారిమఠం ఆరాధనకు, పెద్ద దర్గా ఉరుసుకు, పీర్ల పండగకు, చెక్క భజనకు, తెల్లవార్లూ సాగే పౌరాణిక నాటకాలకు సెట్లు ఎద్దుల బండ్ల మీద పోయేవి. కరెంటు లేని ఊరికి బ్యాటరీ సెట్టు, గొట్టం స్పీకర్లు రెండు, చింతచెట్టు కొమ్మకు కట్టడానికి మోకులు. నాటకం మధ్యలో మైకు ఆగితే హార్మోనియం వాయించే ఆయనకంటే ముందు నాయనకే చెమటలు పట్టేవి.

ట్రాన్సిస్టర్లు వచ్చాయి, ఐసీలు వచ్చాయి. సెట్లు తేలికైనాయి, ధర తగ్గింది. కానీ మూత లోపలి కాగితం మాయమైంది. చవక ఆంప్లిఫైయర్లలో ఐసీ మీద నంబరును కూడా గీకేసి పంపేవాళ్లు, ఇంకొకరు అదే ఐసీ కొని మార్చకుండా. నంబరు గీకేసిన ఐసీ కాలితే సెట్టు మొత్తం పారేయాల్సిందే. నాయన ఆ రకం సెట్టును అరువు మీద ఇచ్చినా తీసుకోలేదు. ఆయన వ్యాపారం కొంత తగ్గింది కూడా. నా దృష్టిలో మాత్రం ఆయన ఆ వృత్తిలో తీసుకున్న అన్ని నిర్ణయాల్లో అదే సరైనది.

లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం నాకు దొరికింది 2004లో, 'లినక్స్ ఫర్ యూ' పత్రికతో పాటు వచ్చిన సీడీలో. కొట్లో క్యాసెట్లను సీడీలుగా మార్చే కంప్యూటరులో వేశాను. తెర వెలిగింది, మౌసు కదిలింది. శబ్దం మాత్రం రాలేదు. రెండు రాత్రులు కూర్చుని రప్పించాక ఇంకో చిక్కు: ఒక ప్లేయరులో పాట వస్తుంటే రెండోది నోరు విప్పదు. సౌండు కార్డును మొదట ఎవరు తెరిస్తే వాళ్లదే. ఇట్లెందుకు కట్టారని వెతుక్కుంటూ పోతే, నాయన వృత్తిలో నేను చూసిన కథే ఇంకో దేశంలో ఇంకోసారి జరిగిందని తెలిసింది.

1992లో ఫిన్లండ్ దేశస్థుడు హన్ను సవొలాయినెన్ సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం లినక్స్‌కు ఒక డ్రైవరు రాశాడు. అదే పెరిగి ఓఎస్‌ఎస్ అయింది. లినక్స్‌కు మూలభాగమైన కెర్నెల్‌లో శబ్దం కోసం అదొక్కటే ఉండేది, అందరూ దాని మీదే ఆధారపడ్డారు. కొన్నేళ్లకు ఆయన ఒక కంపెనీతో కలిసి, కొత్త కార్డులకు పనిచేసే మెరుగైన రూపాన్ని డబ్బుకు అమ్మడం మొదలుపెట్టాడు. అందులో తప్పు పట్టడానికి లేదు, మనిషి బతకాలి. కానీ కెర్నెల్‌లో మిగిలిన ఉచిత రూపం వెనకబడింది. కాగితం ఉన్న సెట్టు పాతదైపోయింది, కొత్త సెట్టుకు కాగితం లేదు. అప్పుడు చెక్ దేశస్థుడు యారోస్లావ్ కిసెలా, తన దగ్గరున్న గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు కోసం రాసిన డ్రైవరుతో మొదలుపెట్టి, 1998లో అల్సా ప్రాజెక్టుకు పునాది వేశాడు. 2002లో అది కెర్నెల్‌లోకి వచ్చింది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఓఎస్‌ఎస్ స్థానంలో కూర్చుంది. 2007లో ఓఎస్‌ఎస్ కోడు మళ్లీ అందరికీ తెరిచారు. అప్పటికి తిరునాళ్ళు అయిపోయాయి.

డ్రైవరుకు పైన అంతస్తులో కూడా ఇదే కథ. శబ్దాలన్నీ కలిపి పంపడానికి, లినక్స్‌కు డెస్కుటాపులు తయారుచేసే కేడీఈ వాళ్లు ఆర్ట్స్ అనే సర్వరును, గ్నోమ్ వాళ్లు ఈఎస్‌డీని నమ్ముకున్నారు. 2004 చివర్లో ఆర్ట్స్ రాసిన స్టెఫాన్ వెస్టర్‌ఫెల్డ్ పక్కకు తప్పుకున్నాడు. దాన్ని భుజానికెత్తుకునే మనిషి లేక, కేడీఈ 4 దాన్ని వదిలేసింది. అదే 2004లో లెన్నార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పల్స్‌ఆడియో 2007లో ఫెడోరా 8, 2008లో ఉబుంటు 8.04 అనే లినక్స్ పంపిణీల్లోకి వచ్చింది. వచ్చిన కొత్తలో దాని మీద వచ్చినన్ని తిట్లు ఏ సాఫ్ట్‌వేరూ పడి ఉండదు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని డ్రైవరు లోపాలు అది వాడేసరికి బయటపడ్డాయి, నింద దాని మీద పడింది. విమ్ టేమన్స్ రాసిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34లో దాని చోటు తీసుకుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 గ్నోమ్‌లోనూ అదే.

ఈ ముప్పై ఏళ్లలో శబ్దం నాణ్యత తక్కువై మూలపడ్డ లైబ్రరీ నాకు కనపడలేదు. మూలపడ్డవన్నీ చూసుకునే మనిషి లేక పడ్డవే.

2024లో ఈ లెక్క నా చేతికే వచ్చింది. మేము కొందరం బళ్ల కోసం డెబియన్ ఆధారంగా ఒక తెలుగు డిస్కు తయారుచేసుకుంటున్నాం. మా అందరికంటే ఎంతో ముందు, 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో లినక్స్‌ను బళ్లకు తీసుకుపోయి దారి వేశారు. మా బృందం వాళ్లు సౌండు సంగతులు నాకు అప్పజెప్పారు. తిరుపతిలో మూసేసిన ఒక రికార్డింగు గది నుంచి ఎనిమిది మైకులు పట్టే, ఫైర్‌వైర్ తీగతో కంప్యూటరుకు కలిపే పెట్టె చవకగా వచ్చింది. చెక్క భజన బృందాలను రికార్డు చేయడానికి అంతకంటే మంచిది మా స్తోమతకు దొరకదు. దాన్ని నడిపే లైబ్రరీ లిబ్‌ఫాడో. దాన్ని మా డిస్కులో పెట్టాలా వద్దా?

మూత విప్పాను. 2004 ప్రాంతంలో డేనియల్ వాగ్నర్, పీటర్ పామర్స్ ఫ్రీబాబ్ అన్న పేరుతో దీన్ని మొదలుపెట్టారు. తర్వాత పేరు మార్చుకుని ఫాడో అయింది. చాలా పెట్టెలకు తయారీదారులు సర్క్యూటు కాగితం లాంటిదేమీ ఇవ్వలేదు. జొనాథన్ వోయిద్ అనే ఆయన మోటు కంపెనీ పెట్టెలు తీగ మీద ఏం మాట్లాడుకుంటున్నాయో విని విని డ్రైవరు రాశాడు. నంబరు గీకేసిన ఐసీని కాళ్లన్నీ కొలిచి కనుక్కునే మెకానిక్కులు నాకు తెలుసు, అందుకే ఆయన పడిన శ్రమ విలువ నాకు అర్థమవుతుంది. లైసెన్సు కోసం ఒక్కో ఫైలు తల మీద రాసింది చదివాను. 1997 నుంచి డెబియన్ తన మార్గదర్శకాల్లో అడుగుతున్నది అదే: కోడు అందరికీ తెరిచి ఉందా, మార్చుకోవచ్చా, మార్చింది పంచుకోవచ్చా. ఇది జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది. కాగితం ఉంది.

తర్వాత సిరీస్ బల్బు. ఏమీ లేని శుభ్రమైన డెబియన్ గదిని కంప్యూటరు లోపలే కట్టి, అందులో కోడు నుంచి లైబ్రరీని తయారుచేశాను. నా సొంత మెషీన్‌లో ఎప్పటివో లైబ్రరీలు వంద ఉంటాయి, అక్కడ తయారైతే దాని బలం ఎంతో తెలియదు. ఆ గదిలో అయితే ఏది కావాలని అడిగిందో అది మాత్రమే ఇచ్చాం, లోపం ఉంటే దాపరికం లేదు. తయారైంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పున్న ఫైర్‌వైర్ కార్డు వేసి, పెట్టె కలిపి, రాత్రి పది నుంచి తెల్లారి ఐదు దాకా, అంటే ఒక నాటకం ఆడేంతసేపు, ఎనిమిది ఇన్‌పుట్లూ రికార్డు చేశాను. మెమరీ పెరగలేదు, శబ్దం తెగలేదు.

కానీ ఆ స్థితికి రావడానికి ముందు రెండు రోజులు పెట్టె అసలు పలకలేదు. కారణం తెలిశాక నాకు పోరుమామిళ్ల చెరువు గుర్తొచ్చింది.

మా బద్వేలు నుంచి పోరుమామిళ్ల ఎంతో దూరం కాదు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి పాలకుడిగా ఉన్నప్పుడు కట్టించిన చెరువు అది, పేరు అనంతరాజసాగరం. దాని సంగతులు 1369లో రెండు రాతి పలకల మీద సంస్కృతంలో చెక్కించారు. సుక్తంకర్ ఆ శాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో అచ్చు వేయించాడు. తర్వాత మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకుడైన సుక్తంకరే ఆయన. వెయ్యి మంది కూలీలు రోజూ పనిచేస్తే, రాతి పనికి వంద బండ్లు తిరిగితే, రెండేళ్లు పట్టిందని ఆ శాసనంలో ఉంది. నన్ను ఆపేది ఆ లెక్కలు కాదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో రాసి పెట్టారు. సాధనాల్లో ధర్మం తెలిసిన రాజుతో పాటు నీటి శాస్త్రం తెలిసిన పండితుడూ ఉన్నాడు, గట్టి నేలా ఉంది, దగ్గర్లో రాతిగని ఉంది, చివరికి కట్టే పనిలో నేర్పున్న మనుషుల జట్టు కూడా ఉంది. దోషాల్లో కట్ట ఊరడం ఒకటి, చవుడు నేల ఒకటి. నీళ్లు తక్కువై పారే భూమి ఎక్కువ కావడం ఒకటి, దానికి తిరగేసింది ఇంకొకటి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం మరొక దోషం.

నా పెట్టె పలకనిది ఈ సరిహద్దు దోషంతోనే. లిబ్‌ఫాడో కెర్నెల్ బయట నిలబడి పెట్టెతో మాట్లాడుతుంది. 2014 నుంచి అదే రకం పెట్టెలకు అల్సా డ్రైవర్లు కెర్నెల్ లోపలే వచ్చాయి. జపాన్ దేశస్థుడు తకాషి సకామోతో వాటిని రాశాడు. పెట్టె కలపగానే కెర్నెల్ డ్రైవరు ముందు పట్టుకుంటుంది, తర్వాత వచ్చిన లిబ్‌ఫాడోకు ఏమీ దక్కదు. ఆ డ్రైవరును పక్కకు పెట్టిస్తేనే లిబ్‌ఫాడో నడుస్తుంది. బడిలో పంతులమ్మకు ఆ పని చెప్పగలమా? చెప్పలేం.

నీళ్లకూ భూమికీ లెక్క కుదరని దోషం కూడా ఇక్కడ ఉంది. నడపాల్సిన పెట్టెల జాబితా పొడవు, చూసుకునే చేతులు తక్కువ. పైగా కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ సాకెట్టే రావడం లేదు. అట్లని కెర్నెల్ వైపు దిక్కులేకుండా ఏమీ పోలేదు. 2023లో సకామోతో ఫైర్‌వైర్ భాగం మొత్తానికి తానే బాధ్యత తీసుకుని, 2029 దాకా చూసుకుంటానని ప్రకటించాడు. చెడిపోయిన పొద్దు ఎవురు బాగు చేస్తారు అన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు, పేరుతో, గడువుతో, నేను ఇంకెక్కడా చూడలేదు.

అందుకే మా బృందానికి ఇట్లా రాసిచ్చాను: బళ్లకు పోయే డిస్కులో లిబ్‌ఫాడో వద్దు, కెర్నెల్‌లో ఉన్న అల్సా డ్రైవరు చాలు. లైబ్రరీ డెబియన్ భాండారంలో ఉండనే ఉంది, పాత పెట్టె ఉన్నవాళ్లు అక్కడి నుంచి వేసుకోవచ్చు, ఎట్లా వేసుకోవాలో ఒక పేజీ తెలుగులో డిస్కులో పెడదాం. అందరూ ఒప్పుకున్నారు. మా పెట్టె ఇప్పుడు అల్సా మీదే నడుస్తోంది. మొన్నటి శివరాత్రికి చెక్క భజన రికార్డు చేశాం.

నాయన పోయాక కొట్టు అటక సర్దుతుంటే అట్టపెట్టె నిండా సర్క్యూటు కాగితాలు దొరికాయి. అమ్మేసిన సెట్లవి కూడా చేత్తో నకలు రాసి పెట్టుకున్నాడు. కడప, కర్నూలు వైపు మైకుసెట్లు, రేడియో రిపేరు కొట్లు నడిపిన ఇళ్లలో ఇట్లాంటి పెట్టెలు ఇంకా ఉంటాయి. వాటిని పాత కాగితాల వాడికి వేయకండి. ఒక్కో కాగితాన్ని వెలుగులో పరిచి ఫొటో తీసి, సెట్టు పేరు, ఊరు పేరు కింద రాసి దాచండి.