వన సంరక్షణ సమితి

అటవీ శాఖ భూమిని ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి కాపాడే వ్యవస్థ. అడవి పెంపకంలో గ్రామాలను కలుపుకోమని 1990 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఈ సమితులు మొదలయ్యాయి. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్యంగా విస్తరించాయి.

ఇంటికి ఇద్దరు సభ్యులు, వారిలో ఒకరు స్త్రీ. మేపుకు, నరుకుడుకు, నిప్పుకు అడ్డుకట్ట వేస్తే పాత మొదళ్లే మళ్లీ చిగురుస్తాయి. చింతపండు, అడ్డాకుల వంటి ఫలసాయం సభ్యులకు దక్కుతుంది. పోలిక చూస్తే, బ్రిటన్‌లో 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు భూమిని సొంతం చేసుకుని కాపాడుతుంది. సమితి విషయంలో కాపలా ఊరిది, భూమి సర్కారుది. అసలు బలహీనత అదే.

శృంగవరపుకోట వంటి కొండ కింది ప్రాంతానికి అడవి అంటే నీరు కూడా. పైనున్న అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తని తాటిపూడి జలాశయాన్ని నింపుతుంది; ఆ నీటిని విశాఖపట్నం తాగుతుంది. నగరం ఈ సంగతి తలచుకునేది తక్కువ.

ఈ కొండల భూమిపై అధికారం ఎవరిదన్న ప్రశ్న కోర్టుకూ వెళ్లింది. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజులపై ‘సమత’ సంస్థ న్యాయపోరాటం చేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే అధికారాన్ని హక్కుగా గుర్తించింది. సమితికి ఆ అధికారం శాఖ ఉత్తర్వుతో వచ్చింది. గ్రామసభకు చట్టంతో వచ్చింది.